దిండు కింద చపాతీ

ప్రశ్న: మాది విజయనగరం. పిల్లల హోంలో పనిచేస్తూ దూరవిద్యలో పిల్లల ఎదుగుదల మీద డిప్లొమా చదువుతున్నాను. పదమూడేళ్ల పిల్లాడొకడు కడుపునిండా తిన్నాక కూడా దిండు కింద చపాతీలు దాస్తున్నాడు. చదివిన పాఠానికీ వాడికీ పొంతన కుదరక టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, ముందు దాన్ని దొంగతనం అనకండి. మనస్తత్వవేత్త ఎరిక్సన్ చెప్పిన ఎదుగుదల దశల్లో మీరు 12 నుంచి 18 ఏళ్ల దగ్గరే, అదే 'నేనెవరు' అని వెతుక్కునే చోటే ఆగినట్టున్నారు. ఒక్కసారి మొదటి దశకి వెళ్లండి, ఏడిస్తే ఎవరో ఒకరు వస్తారు, ఆకలేస్తే పెడతారు అన్న నమ్మకం కుదరాల్సింది అక్కడే. ఆకలి చూసిన పిల్లలు రేపటికి దాచుకుంటారు, వయసు పదమూడైనా ఆ భయం చాలా పాతది. అందరి ముందు దిండు ఎత్తి చూపించకండి, దయచేసి. మూతున్న డబ్బాలో నాలుగు వేరుశనగ ఉండలు వేసి 'ఇది నీదే, అయిపోతే మళ్లీ వేస్తా' అని చెప్పండి, ఆ మాట మాత్రం తప్పకండి. వారాలు పట్టొచ్చు. నిద్ర పట్టకపోయినా బరువు తగ్గినా కౌన్సెలర్‌కీ డాక్టర్‌కీ చూపించాలి.

ఇక చదువు సంగతి. డ్యూటీ దిగాక చూసింది చూసినట్టు నాలుగు వాక్యాలు రాసుకోండి, 'మొండివాడు' అని కాదు, 'రెండు చపాతీలు మడిచి పెట్టాడు' అని. అసైన్‌మెంట్‌లో పేరు, ఊరు వద్దు, 2015 బాలల న్యాయ చట్టం పిల్లల గుర్తింపును కాపాడమనే చెబుతోంది.