పక్క ఫ్లాట్ వాళ్ల లిస్టులో మన కంప్యూటర్ పేరు కనిపిస్తోందా?

తిరుపతి, చిత్తూరు నుంచి కొత్తగా అమెరికా వచ్చి అపార్ట్‌మెంట్‌లో దిగినవాళ్లు తరచుగా అడిగే సందేహం ఇది: "కంప్యూటర్‌లో బ్లూటూత్ తెరిస్తే పక్కింటి టీవీ, పైఇంటి హెడ్‌ఫోన్లు అన్నీ వరసగా వస్తా ఉన్నాయి. మనదీ వాళ్లకట్లే కనిపిస్తుందా? లోపలికి రాగలరా?"

కనిపించవచ్చు. కానీ కనిపించినంత మాత్రాన లోపలికి రాలేరు.

మన ఊర్లో ఇల్లంటే తొమ్మిదంగుళాల ఇటుక గోడ, పైన కాంక్రీటు శ్లాబు. ఇక్కడ చాలా అపార్ట్‌మెంట్లలో చెక్క ఫ్రేముకు రెండు పక్కలా జిప్సం బోర్డు కొట్టి దాన్నే గోడ అంటారు. బ్లూటూత్ నడిచే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలకు అది పెద్ద అడ్డం కాదు. లాప్‌టాప్ బ్లూటూత్ మామూలుగా పది మీటర్ల దాకా అందుతుందని లెక్క. గోడకవతల పక్కింటివాళ్ల సోఫా రెండు మూడు మీటర్లలోనే ఉంటుంది. కాబట్టి గోడను, దూరాన్ని నమ్ముకోవద్దు.

నమ్ముకోవలసింది పెయిరింగ్‌ను. రెండు పరికరాలు మొదటిసారి జత అయినప్పుడు రెండూ కలిసి ఒక రహస్య తాళంచెవి తయారు చేసుకుని దాచుకుంటాయి. ఆ తర్వాత ఆ చెవి ఉన్న పరికరంతోనే కంప్యూటర్ కలుస్తుంది. అంటే పెయిరింగ్ జరిగే ఆ ఒకటి రెండు నిమిషాలే ముఖ్యంగా జాగ్రత్తగా ఉండాల్సిన సమయం.

విండోస్ 11లో సెట్టింగ్స్ తెరిచి బ్లూటూత్ అండ్ డివైసెస్‌లోకి వెళ్లండి. ఆ పేజీ తెరిచి ఉన్నంతసేపూ మన కంప్యూటర్ చుట్టుపక్కల వాళ్లకు కనిపిస్తుంది. 'డిస్కవరబుల్ యాజ్' అని మన కంప్యూటర్ పేరు అక్కడే రాసి ఉంటుంది. పని అయిపోగానే ఆ పేజీ మూసేయండి, మినిమైజ్ చేసి వదిలేయొద్దు. మూసేముందు అక్కడే డివైసెస్ నొక్కి, కిందకి దిగి, మోర్ బ్లూటూత్ సెట్టింగ్స్ తెరవండి. 'ఎలౌ బ్లూటూత్ డివైసెస్ టు ఫైండ్ దిస్ పీసీ' దగ్గర టిక్కు ఉంటే తీసేయండి. దాని కింద, కొత్త పరికరం కలవాలని చూస్తే హెచ్చరించమనే గడిలో మాత్రం టిక్కు ఉండాలి. మ్యాక్‌లోనూ అంతే, బ్లూటూత్ సెట్టింగ్స్ తెరిచి ఉన్నప్పుడే అది బయటికి కనిపిస్తుంది. దగ్గర్లోని పరికరాలకు ఫైళ్లు పంపే సౌకర్యం, అంటే విండోస్‌లో నియర్‌బై షేరింగ్, మ్యాక్‌లో ఎయిర్‌డ్రాప్, 'ఎవ్రీవన్' మీద ఉంటే అది కూడా మార్చేయండి.

కంప్యూటర్ పేరు కూడా చూసుకోండి. ఇంటిపేరుతో సహా పూర్తి పేరు, పక్కనే ఫ్లాట్ నంబరు పెట్టుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అబౌట్, రినేమ్ దిస్ పీసీ అని వెళ్లి, ఎవరిదో తెలియని పేరేదైనా పెట్టి రీస్టార్ట్ చేయండి. పాత జతలు చెదరవు.

ఫోన్‌ను కంప్యూటర్‌తో కలిపేటప్పుడు రెండు తెరల మీదా ఆరంకెల నంబరు వస్తుంది. రెండూ ఒకటే అయితేనే ఒప్పుకోండి. మీరు ఏమీ కలపకుండానే నంబరు వస్తే క్యాన్సిల్ కొట్టండి, ఆలోచించక్కర్లేదు. హెడ్‌ఫోన్లకు, స్పీకర్లకు తెర ఉండదు కాబట్టి నంబరు అడగవు. ఇక్కడే పొరపాటు జరుగుతుంది: పక్కింట్లోనూ అదే మోడల్ ఉంటే లిస్టులో రెండు ఒకే పేర్లు వస్తాయి. మీది ఆపండి, ఏ పేరు మాయమవుతుందో అదే మీది. ఇలా సరిచూసుకోకుండా పక్కింటి సౌండ్‌బార్‌తో కలుపుకుంటే, తర్వాత అది ఆన్‌లో ఉన్నప్పుడల్లా మీ లాప్‌టాప్ తనంతట తానే దానికి తగులుకోవచ్చు. అప్పుడు మీరు బ్యాంకుతో మాట్లాడే కాల్ వాళ్ల హాల్లో వినిపిస్తుంది. ఫైళ్లు పోతాయని భయపడేవాళ్లు దీన్ని పట్టించుకోరు గానీ, నా దృష్టిలో రోజువారీగా జరిగే నష్టం ఇదే.

దీనికి తిరగేసిందీ ఉంది. పొద్దున పూజ దగ్గర పెట్టుకున్న స్పీకర్లో ఉన్నట్టుండి ఎవరి పాటో మోగుతుంది. చాలా స్పీకర్లు ఆన్ చేయగానే పాత ఫోన్ దొరక్కపోతే పెయిరింగ్‌కు తెరుచుకుంటాయి, ఎవరు ముందొస్తే వాళ్లకు కలుస్తాయి. వాడనప్పుడు స్విచ్ ఆపేయడం, లేదా కేబుల్‌తో కలపడం మంచిది. ఇది కంప్యూటర్లోకి దారి కాదు, కంగారు వద్దు.

ఊరెళ్లిపోయే రూమ్మేట్ దగ్గర కొన్న లాప్‌టాప్‌లో అతని ఫోన్, కీబోర్డు తాళంచెవులు అలాగే ఉంటాయి. 'రిసెట్ దిస్ పీసీ'లో అన్నీ తీసేయమనే దాన్ని ఎంచుకోండి. మీ సొంతదాంట్లో కూడా గుర్తుపట్టలేని పేరు ఉంటే రిమూవ్ డివైస్ నొక్కండి.

అప్‌డేట్లు వాయిదా వేయొద్దు. 2023 డిసెంబరులో ఒక లోపం బయటపడింది: దగ్గర్లో ఉన్నవాడు తన పరికరాన్ని బ్లూటూత్ కీబోర్డులా నటింపజేసి, మన అనుమతి లేకుండానే మన కంప్యూటర్లో అక్షరాలు కొట్టగలడు. ఆండ్రాయిడ్, లైనక్స్, మ్యాక్, ఐఫోన్ అన్నిట్లోనూ ఉండేది; విండోస్‌కు 2024 జనవరిలో సవరణ వచ్చింది. సవరణ వేసుకోని కంప్యూటర్‌కే ప్రమాదం. ఊర్లో కొని తెచ్చుకున్న లాప్‌టాప్ ఇంకా విండోస్ 10 మీదే ఉంటే, దానికి మామూలు ఉచిత సవరణలు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. 11కు మార్చుకోండి.

బ్లూటూత్ వాడకపోతే ఆపేయండి. డెస్క్‌టాప్‌కు ఉన్న ఒక్క కీబోర్డు, మౌస్ బ్లూటూత్‌వే అయితే మాత్రం, ఆపిన తర్వాత మళ్లీ ఆన్ చేయడానికి చేతిలో ఏమీ ఉండదు. వైరు మౌస్ ఒకటి పక్కన పెట్టుకుని ఆపండి.

మౌస్ తడబడినా, హెడ్‌ఫోన్లో శబ్దం తెగుతున్నా హ్యాకర్ అనుకోకండి. యూఎస్‌బీ 3 పోర్టులో పెట్టిన హార్డ్ డిస్కు, పక్కనే ఉన్న బ్లూటూత్ డాంగిల్‌కు (యూఎస్‌బీ పోర్టులో గుచ్చే చిన్న బ్లూటూత్ ముక్క) అడ్డం వస్తుంది. మూరెడు ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో డాంగిల్‌ను దూరం జరిపితే చాలావరకు సర్దుకుంటుంది. వైఫై కూడా బ్లూటూత్ నడిచే 2.4 గిగాహెర్ట్జ్ మీదే ఉంటే, దాన్ని 5 గిగాహెర్ట్జ్‌కు మార్చండి. ఇవన్నీ చేశాక కూడా ఒకే టీవీ పేరుతో రిక్వెస్టులు వస్తా ఉంటే, ఆ పక్కింటాయన రిమోట్‌తో ఏదో వెతుక్కుంటూ మీ పేరు మీద నొక్కుతూ ఉండొచ్చు. తలుపు తట్టి ఆ పేరు చూపించండి, అయిదు నిమిషాల్లో తేలిపోతుంది.