రోమ్ నుంచి ఒక్క రోజులో చివితా వెళ్ళి రావచ్చా? వంతెన కాకుండా అక్కడ చూడాల్సింది ఏముంది?

రోమ్‌లో నాలుగు రోజులు ఉంటాం, చివితా ది బాన్యోరేజోకి ఒక రోజు కేటాయించొచ్చా, ఫోటోల్లో కనిపించే వంతెన తప్ప అక్కడేముంది అని అడిగారు. తప్పకుండా కేటాయించండి. నేను రోమ్‌లో చదువుకునే రోజుల్లో రెండుసార్లు వెళ్ళాను, రెండోసారి అమ్మతో.

రోమన్ల కంటే ముందు ఆ ప్రాంతంలో ఉన్న ఎత్రుస్కన్లు దాదాపు 2500 ఏళ్ళ కిందట కొండ మీద కట్టుకున్న ఊరు అది. కొండ పైభాగమంతా టఫ్ రాయి, అంటే అగ్నిపర్వతాల బూడిద గట్టిపడి రాయైనది, దాని కింద బంకమట్టి. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. వాన నీళ్ళు, లోయలోని వాగులు ఆ మట్టిని కోసుకుంటూ పోతుంటే పైన రాయికి ఆసరా పోతుంది, అప్పుడు అంచులు పెళ్ళలుగా విరిగి, మీదున్న ఇళ్ళతో సహా లోయలో పడతాయి. పక్కనున్న బాన్యోరేజోతో కలిపే నేల కూడా అలాగే అరిగిపోయింది, ఇప్పుడు మనం నడిచే వంతెన 1965లో కట్టింది. 1695లో పెద్ద భూకంపం వచ్చాక బిషప్, అధికారులు బాన్యోరేజోకి మారిపోయారు, మెల్లగా జనమూ వెళ్ళిపోయారు. ఇప్పుడు ఏడాది పొడవునా అక్కడే ఉండేవాళ్ళు ఏ పదిమందో.

వంతెన దాటగానే వచ్చే శాంతా మరియా ద్వారం దగ్గర తొందరపడకండి. ఆ దారిని ఎత్రుస్కన్లు రాతిలో తొలిచారు. పైన రెండు సింహాల బొమ్మలుంటాయి, పంజాల కింద మనుషుల తలలు. దగ్గర్లోని ఓర్వియేతో పట్టణానికి చెందిన మొనల్దెస్కి అనే దొరల కుటుంబం మీద ఊరివాళ్ళు తిరగబడి గెలిచినందుకు గుర్తుగా పెట్టుకున్నారట. లోపలికి వెళ్ళాక ఒక పాత భవనం ముందు గోడ కనిపిస్తుంది, కిటికీలన్నీ సరిగ్గానే ఉంటాయి గానీ వాటి వెనక ఆకాశమే. మిగతా ఇల్లంతా ఎప్పుడో లోయలోకి పోయింది. నేను అక్కడ చాలాసేపు నిలబడిపోయాను.

ఫ్రాన్సిస్కన్ సభకు, అంటే ఒక క్రైస్తవ సన్యాసుల సంఘానికి, పెద్దగా పనిచేసి 1274లో చనిపోయిన పునీత బోనవెంచర్ పుట్టింది ఈ ఊళ్ళోనే. ఆయన ఇల్లు ఉన్న చోటు కూడా దాదాపు మొత్తం విరిగిపడింది. అమ్మకి మాత్రం అన్నిటికంటే నచ్చింది ఒక నేలమాళిగలోని పాత ఆలివ్ గానుగ. ఆ రాయి మీద చెయ్యి పెట్టి, "ఇది మన ఊరి నూనె గానుగే కదరా, ఇక్కడ ఎద్దుకి బదులు గాడిదని కట్టేవాళ్ళేమో" అంది. గాడిదలంటే గుర్తొచ్చింది, జూన్ మొదటి ఆదివారం, సెప్టెంబరు రెండో ఆదివారం ఊరి మధ్య చౌకులో గాడిదల పందెం జరుగుతుంది, దాన్ని తొన్నా అంటారు.

వెళ్ళడం సులువే. రోమ్ నుంచి ఓర్వియేతోకి రైలు, అక్కడినుంచి బాన్యోరేజోకి బస్సు. ఆదివారం బస్సులుండవు. ఒకసారి ఇది తెలియక ఆదివారం బయల్దేరి ఓర్వియేతోలోనే ఆగిపోయాను. తిరుగు బస్సులు కూడా తక్కువే కాబట్టి వేళలు ముందే రాసుకోండి. నేను వెళ్ళినప్పుడు ఊళ్ళోకి టికెట్ 5 యూరోలు. పెద్దవాళ్ళు ఉంటే ఒక మాట: వంతెన చివర్లో ఎత్తు బాగా ఎక్కాలి, అమ్మ మోకాళ్ళ నొప్పితో నాలుగైదు చోట్ల ఆగాల్సి వచ్చింది. పొద్దున్నే వెళ్తే ఎండా ఉండదు, టూర్ బస్సుల జనమూ ఉండరు.

ఇటలీలో దీన్ని "చచ్చిపోతున్న ఊరు" అంటారు. ఆ పేరు నాకు నచ్చదు, ఊరి ఆచారాలు ఇంకా బతికే ఉన్నాయి. చౌకులో సాన్ దొనాతో చర్చి ఉంది, అందులో ఒక పాత చెక్క సిలువ ప్రతిమ. ప్రతి గుడ్ ఫ్రైడే నాడు దాన్ని మోసుకుంటూ వంతెన దాటించి బాన్యోరేజోలో ఊరేగించి, అర్ధరాత్రిలోపు మళ్ళీ చివితాకి చేరుస్తారు, ఆలస్యమైతే అది బాన్యోరేజో వాళ్ళదైపోతుందని నమ్మకం. మీ ప్రయాణం ఈస్టర్ రోజుల్లో అయితే ఆ శుక్రవారం రాత్రికి బాన్యోరేజోలోనే గది తీసుకోండి.