డిస్కు నిండిందా? ఒక్క లైను కొట్టి చూడండి

ప్రశ్న: లినక్స్ వాడుతున్నాను. డిస్కు నిండిపోయిందని మెసేజ్ వస్తోంది. ఏ ఫోల్డరు ఎంత తింటోందో ఒకే లైనులో తెలుస్తుందా?

జవాబు: నిక్షేపంగా. కమాండ్లు టైపు చేసే విండో, అంటే టెర్మినల్‌లో ‘డీయూ హైఫన్ ఎస్‌హెచ్ స్టార్’ అని కొట్టి, నిలువు గీత పెట్టి, ‘సార్ట్ హైఫన్ హెచ్’ అనండి. అన్నీ చిన్న అక్షరాలే. అన్నిటికన్నా పెద్దది అట్టడుగున వస్తుంది. సార్ట్‌కి హెచ్ బదులు ఎన్ ఇచ్చారో, అది అంకెనే చూస్తుంది, యూనిట్‌ని పట్టించుకోదు. 900 కేబీ ఫైలు 2 జీబీ ఫోల్డరు కన్నా పెద్దదై కూర్చుంటుంది!

చుక్కతో మొదలయ్యే ఫోల్డర్లు స్టార్‌కి ఆనవు. నేను చూసినంతలో అసలు దొంగ చాలాసార్లు అక్కడే, ప్రోగ్రాములు తాత్కాలిక ఫైళ్లు దాచుకునే ‘డాట్ క్యాష్’ ఫోల్డర్లో దొరుకుతాడు. దాన్ని విడిగా అడగండి.

పాత ఫైళ్లు తీసేయడానికి ఫైళ్లు వెతికే ‘ఫైండ్’ కమాండ్ వాడతారేమో, తొందరపడకండి. ముందు ‘హైఫన్ డిలీట్’ లేకుండా నడిపి, వచ్చిన జాబితా చదవండి. ఆ తర్వాతే డిలీట్, అదీ లైను చివర్లో. నెల దాటినవి పట్టే ‘హైఫన్ ఎమ్‌టైమ్ ప్లస్ 30’ కన్నా ముందు పెడితే, తేదీ చూడకుండానే అన్నీ తుడిచిపెట్టేస్తుంది. ఇలా పోయినవి రీసైకిల్ బిన్‌లోకి కూడా వెళ్లవు.