12 వేలు, 25 వేలు: తేడా ఎక్కడుంది?

తమ్ముడూ, మీ ఆవిడ ఏడో నెల ఫొటోలకు అమలాపురంలో ఒకరు 12 వేలు, రాజమహేంద్రవరంలో మరొకరు 25 వేలు చెప్పారని, ఇద్దరిలో ఎవరు మోసం చేస్తున్నారని అడిగావు. ఇద్దరూ కాకపోవచ్చు. ఆ ధరలో ఫొటోలు తీసే రెండు గంటలు చిన్న భాగమే. వందల ఫొటోల్లోంచి ఏరి, రంగులు దిద్దడానికి రోజులు పడతాయి. అసలు తేడా మాత్రం ఆల్బమ్‌లో ఉంటుంది. ఎన్ని షీట్లు, దిద్ది ఇచ్చే ఫొటోలు ఎన్ని, గౌను అద్దె, మేకప్, గోదావరి ఒడ్డున ఉన్న దిండి దాకా కారు ఖర్చు అందులోనేనా, జీఎస్టీ విడిగానా అని ఇద్దరినీ ఒకే ప్రశ్నలు అడిగి కాగితం మీద రాయించుకో. నేను రాయించుకోలేదు. ఆల్బమ్ చేతికిచ్చే రోజున అదనపు షీట్లంటూ మరో 4 వేలు గుంజారు.

నన్నడిగితే ఇప్పుడు ఆల్బమ్ వద్దు, ఫైళ్లు చాలు. బారసాల ఫొటోలతో కలిపి ఒకేసారి చేయించవచ్చు. ఇంటి పక్కనే కొబ్బరితోట, కాలువగట్టు ఉండగా నిండు మనిషిని ఫొటోల కోసం గోదావరి మధ్య లంకకు పడవెక్కించడం ఎందుకు చెప్పు? ఎండ దిగాక సాయంత్రం పెట్టుకో. ఆషాఢమైతే పెళ్లిళ్లు ఉండవు కాబట్టి బేరమూ ఆడవచ్చు, వాన సంగతి చూసుకుంటే చాలు.