ఆయన సెలవుకి వచ్చే నెల్లాళ్లూ పైపు మానేయొచ్చా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. నాకు 32 ఏళ్లు. ఆయన కువైట్‌లో డ్రైవరు. ఇక్కడ నేను, అత్తయ్య, రెండో తరగతి చదివే మా పాప ఉంటాం. నాలుగేళ్ల పాటు యూరిన్‌లో మంట, అరగంటకోసారి బాత్రూమ్‌కి పరుగు. ఒంట్లో వేడి అన్నారు, ఇన్ఫెక్షన్ అన్నారు. చివరికి బ్లాడర్‌కి టీబీ అని తేలింది. మందుల కోర్సు పూర్తయ్యేసరికి బ్లాడర్ ముడుచుకుపోయిందని, చిన్న పేగులో ముక్క తీసి దానికి కలిపి పెద్దది చేశారు. ఆపరేషనై తొమ్మిది నెలలైంది. ఇప్పుడు మంటా లేదు, పరుగూ లేదు. కానీ నాలుగు గంటలకోసారి పైపు పెట్టుకుని యూరిన్ తీసేయాలి. తెల్లగా జిగురు కూడా వస్తుంది. ఆయనకి చిన్న ఆపరేషన్ అని మాత్రమే చెప్పాం. సంక్రాంతికి నెల సెలవు మీద వస్తున్నారు. "వాడికి తెలిస్తే తట్టుకోలేడు, ఆ నెల్లాళ్లూ పైపు మానెయ్" అంటున్నారు అత్తయ్య. కొంచెం దానంతటదే వస్తోంది కదా, మానేద్దామా అని నాకూ అనిపిస్తోంది. మొన్న అమలాపురంలో చుట్టాల ఇంట ఓణీల ఫంక్షన్‌కి వెళ్లి ఏడు గంటలు ఆపుకున్నాను. ఆ రాత్రంతా కడుపునొప్పి. ఇంకో బిడ్డ కావాలని ఆయన ఆశ. నేనింక ఆయనకి పనికొస్తానా అని ఏడుపొస్తోంది.

జవాబు: అమ్మా, పైపు మానకండి. నెల్లాళ్లు కాదు, ఒక్క రోజు కూడా వద్దు. మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే కంగారు పెట్టింది మీ ఆయన రావడం కాదు, ఫంక్షన్‌లో మీరు ఆపుకున్న ఆ ఏడు గంటలు. అందుకే ముందు దాని గురించి చెప్తాను.

మామూలు బ్లాడర్ నిండితే మనకి తెలుస్తుంది, వెళ్లి కూర్చోగానే పిండుకుని ఖాళీ అవుతుంది. మీకు కలిపిన పేగు ముక్కకి ఈ రెండు పనులూ సరిగా రావు. సాగుతుంది, యూరిన్‌ని నిలవ ఉంచుకుంటుంది, అంతే. నిండినా పొట్ట బరువుగా ఉన్నట్టు ఉంటుందే తప్ప పాత రోజుల్లోలా అర్జెంటుగా తెలియదు. కాబట్టి ఇకనుంచి మీరు గడియారం చూసుకునే వెళ్లాలి. దానంతటదే కొంచెం వస్తోంది అన్నారు. నిజమే, వస్తుంది. లోపల ఎంత మిగిలిపోయిందో మాత్రం మీకు తెలియదు. ఆ మిగిలినదాంట్లో జిగురు పేరుకుంటుంది, ఇన్ఫెక్షన్ వస్తుంది, రాళ్లు తయారవుతాయి, ఒత్తిడి పెరిగి కిడ్నీల మీద పడుతుంది.

ఇంకొకటి కూడా ఉంది. దాచితే మీకే నష్టం కాబట్టి చెప్తున్నాను. మరీ నిండిపోతే పేగు కలిపిన ఆ బ్లాడర్‌కి చిల్లు పడి, యూరిన్ కడుపులోకి కారే ప్రమాదం ఉంది. అరుదుగానే జరుగుతుంది. కానీ ఆపరేషనైన ఏళ్ల తర్వాత కూడా జరగొచ్చు, జరిగితే ప్రాణం మీదకి వస్తుంది. కడుపంతా నొప్పి, ఉబ్బరం, వాంతులు, జ్వరం, ఒక్కోసారి భుజంలో నొప్పి, పైపు పెట్టినా యూరిన్ రాకపోవడం, వీటిలో ఏది కనిపించినా గ్యాస్ అనుకుని ఊళ్లో ఇంజెక్షన్ చేయించుకుని పడుకోకండి. అర్ధరాత్రైనా 108కి ఫోన్ చేసి, సర్జన్ ఉన్న పెద్దాసుపత్రికి వెళ్లండి. వెళ్లగానే "నా బ్లాడర్‌ని పేగుతో పెద్దది చేశారు" అని చెప్పండి. ఆ ఒక్క మాట తెలియకపోతే ఎంత మంచి డాక్టరైనా దారి తప్పొచ్చు. మీ డిశ్చార్జ్ కాగితం ఫోటో మీ ఫోన్‌లోనూ ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లోనూ ఉండాలి.

ఇప్పుడు ఆలోచించండి. మీరు మాట్లాడలేని స్థితిలో ఉంటే ఆ మాట చెప్పేదెవరు? అత్తయ్య పెద్దావిడ. పాప చిన్నది. ఆ నెలంతా మీ పక్కనే ఉండే మనిషికి అసలు సంగతే తెలియదు. మీకు పైపు వల్ల ప్రమాదం లేదమ్మా. దాన్ని దాచాలని టైము తప్పిస్తే ప్రమాదం. ఓణీల ఫంక్షన్ రోజు జరిగిందీ అదే. ఆ నొప్పి తగ్గిపోయినా సరే, మీ డాక్టరుగారికి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండి, స్కాన్ అవసరమంటే చేయించుకోండి.

ఇక ఆయనకి చెప్పడం. పండక్కి ఇంటికొచ్చిన రాత్రి చెబుదామని పెట్టుకోకండి. వాట్సాప్‌లో మెసేజ్‌గానూ పెట్టకండి. ఆయన బండి నడిపే వేళ కాకుండా, సెలవున్న రోజు, పాప నిద్రపోయాక వీడియో కాల్‌లో చెప్పండి. ఇలా మొదలుపెట్టొచ్చు: "ఏవండీ, నా ఆపరేషన్ గురించి మీకు సగమే చెప్పాం. అంత దూరంలో ఉండి కంగారు పడతారని. టీబీ వల్ల నా బ్లాడర్ చిన్నదైపోతే పేగుతో పెద్దది చేశారు. ఇప్పుడు నొప్పి లేదు. కాకపోతే నాలుగు గంటలకోసారి సన్నటి పైపుతో యూరిన్ తీసుకోవాలి, ఐదు పది నిమిషాల పని. ఇది ఎప్పటికీ ఉండొచ్చు." అక్కడ ఆగండి. ఆయన్ని మాట్లాడనివ్వండి. మొదట వచ్చే ప్రశ్న "నాకెందుకు చెప్పలేదు?" అనే కావచ్చు. ఆ కోపం మీ జబ్బు మీద కాదు, తనని పక్కన పెట్టారన్న బాధ. దానికి క్షమించమని అడగొచ్చు. జబ్బు వచ్చినందుకు మాత్రం అడగకండి. మండే ఎండల్లో గంటల తరబడి బండి నడిపే మనిషికి యూరిన్ ఆపుకోవడమంటే ఏమిటో మనం విడమరిచి చెప్పక్కర్లేదు, మీరనుకున్నదానికంటే తొందరగానే అర్థం చేసుకోవచ్చు.

పైపు చూపించాలా వద్దా అన్నది పూర్తిగా మీ ఇష్టం. కొందరు భర్తకి చూపిస్తారు, కొందరు ఎన్నేళ్లైనా తలుపేసుకునే చేసుకుంటారు. రెండూ సరైనవే. విషయం తెలియడం వేరు, కళ్లతో చూడటం వేరు.

మీరు అడగలేక అడిగింది ఇంకొకటుంది. దాంపత్యం. ఈ ఆపరేషన్ బ్లాడర్‌కి చేసింది, భార్యాభర్తల కలయికకి అడ్డు కాదు. తొమ్మిది నెలలైంది కాబట్టి గాయం మాని ఉంటుంది. అయినా రివ్యూలో ఒకసారి డాక్టరుగారిని అడగండి, సిగ్గుపడాల్సింది లేదు. ముందు బ్లాడర్ ఖాళీ చేసుకోండి, తర్వాత కూడా ఒకసారి ఖాళీ చేసుకోండి. కుట్ల దగ్గర లాగినట్టుంటే ఆయనకి చెప్పండి. టీబీ ఆయనకి అంటుకుంటుందేమో అన్న భయం మీ మనసులో ఉంటే, కోర్సు మొత్తం వాడి నయమైందని డాక్టరు చెప్పాక కలిసి తిన్నా, కలిసి పడుకున్నా భయం లేదు.

బిడ్డ విషయానికొస్తే, ఈ ఆపరేషనైన ఆడవాళ్లు గర్భం దాల్చి పిల్లల్ని కంటున్నారు. తొందరపాటు మాత్రం వద్దు. టీబీ గర్భసంచి ట్యూబుల్ని కూడా దెబ్బతీయగలదు కాబట్టి, ప్రయత్నం మొదలుపెట్టకముందే గైనకాలజిస్టుని కలవండి. ఆవిడా, మీ యూరాలజిస్టూ ఇద్దరూ కలిసి చూసుకునే గర్భం అది. కిడ్నీల పనితీరు ఎలా ఉందో ముందే తెలియాలి. సిజేరియన్ చేయాల్సొస్తే ఆ బ్లాడర్ ఎక్కడుందో, దానికి రక్తం తీసుకెళ్లే నాళాలు ఎటునుంచి పోతున్నాయో తెలిసిన సర్జన్ పక్కన ఉండాలి. చాలామందికి తెలియని సంగతి ఒకటి: పేగు కలిపిన బ్లాడర్ ఉన్నవాళ్లకి మందుల షాపులో కొనే యూరిన్ ప్రెగ్నెన్సీ కిట్ గర్భం లేకపోయినా ఉన్నట్టు చూపించొచ్చు. రెండు గీతలు చూసి ఇల్లంతా సంబరపడి తర్వాత ఏడవడం కంటే, రక్తపరీక్షే చేయించుకోండి.

అత్తయ్య మీద నాకు కోపం రాలేదు. ఆపరేషన్ తర్వాత ఇంట్లో మిమ్మల్నీ పాపనీ చూసుకున్నది ఆవిడేగా. కొడుకు ఒక్క నెలే ఇంట్లో ఉంటాడు, ఆ నెలలో కన్నీళ్లు ఉండకూడదని ఆవిడ తాపత్రయం. వాదించకండి. "అత్తయ్యా, ఇది మానేస్తే నా కిడ్నీలు పోతాయట, మీరే ఒకసారి వచ్చి డాక్టరుగారి నోటితో వినండి" అని వెంట తీసుకెళ్లండి. తెల్లకోటు చెప్పిన మాటకి మన పల్లెల్లో ఉన్న బరువు మీకు తెలుసు. ఒకవేళ మడి అనో, దేవుడి గదిలోకి రావద్దనో అంటే, ఎవరైనా బాత్రూమ్‌కి వెళ్లొచ్చి చేతులు కడుక్కోవడం ఎలాగో ఇదీ అలాగే అని మెల్లగా చెప్పండి. నాలుగేళ్లు అరగంటకోసారి పరిగెత్తిన కోడలు ఇప్పుడు కుదురుగా కూర్చుని దీపం పెట్టుకోగలుగుతోందంటే ఆ ఆపరేషన్ వల్లా, ఆ పైపు వల్లా.

జిగురు గురించి భయపడకండి. పేగు ఎక్కడున్నా జిగురు వదులుతుంది, అది దాని పని. కాలం గడిచేకొద్దీ తగ్గొచ్చు గానీ పూర్తిగా పోదు. ఆసుపత్రిలో నేర్పినట్టు సిరంజితో సెలైన్ ఎక్కించి కడగడం మానకండి, లేకపోతే పైపు మూసుకుపోతుంది. నీళ్లు బాగా తాగితే జిగురు పలచబడుతుంది. మన ఆడవాళ్లు ఊరెళ్తే బాత్రూమ్ దొరకదని పొద్దున్నించి గుక్కెడు నీళ్లు తాగరు. మీరు ఆ పని చేయకూడదు, అందులోనూ మన కోనసీమ ఉక్కలో.

పైపు వాడకంలో చేతులు సబ్బుతో శుభ్రంగా కడుక్కుంటే చాలు, ఆపరేషన్ థియేటర్ అంత శుద్ధి అక్కర్లేదు. లాపిడెస్ అనే అమెరికన్ డాక్టరు 1972లోనే ఈ పద్ధతిని ముందుకు తెచ్చారు, అప్పటినుంచీ ఎంతోమంది కిడ్నీలు నిలబడ్డాయి. పైపుని ఎన్నిసార్లు వాడొచ్చో మీ ఆసుపత్రి వాళ్లు చెప్పిన ప్రకారం చేయండి. కడగడానికి కాచి చల్లార్చిన నీళ్లు వాడండి. ఎండాకాలంలో కాలువలు కట్టేసి చెరువు నీళ్లు వదిలే రోజుల్లో, సముద్రం దగ్గర ఊళ్లలో బోరు ఉప్పదేలినప్పుడు ఈ జాగ్రత్త మరీ ముఖ్యం.

యూరిన్ పరీక్షలో చీముకణాలు, బ్యాక్టీరియా అని రాగానే ఆర్‌ఎంపీ దగ్గర యాంటీబయాటిక్ తీసుకోకండి. పైపు వాడేవాళ్ల రిపోర్టు చాలాసార్లు అలాగే వస్తుంది. జ్వరం, నొప్పి, రక్తం, మునుపు లేని దుర్వాసన, ఉన్నట్టుండి లీకవడం లాంటివి ఉంటేనే మందు. అదీ మీ యూరాలజిస్టు చెబితేనే. ఏడాదికోసారైనా క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష), రక్తంలో లవణాలు, స్కాన్, విటమిన్ బి12 పరీక్ష చేయించుకోండి. పేగు ముక్క యూరిన్‌లోని ఆమ్లాన్ని మళ్లీ రక్తంలోకి పీల్చుకోగలదు, అది ఎక్కువైతే నీరసం వస్తుంది, ఎముకలు బలహీనపడతాయి. సోడా బైకార్బనేట్ మాత్రలతో సరిచేస్తారు. బి12 లోపం కొన్నేళ్ల తర్వాత గానీ బయటపడదు, అందుకే ఇప్పుడు బాగున్నానని పరీక్షలు ఎగ్గొట్టకండి.

సంక్రాంతికి ఊళ్లు తిరుగుతారు. ప్రభల తీర్థానికి జగ్గన్నతోట వెళ్తారేమో, సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం వెళ్తారేమో. జనంలో ఇరుక్కున్నా, రేవు దగ్గర బళ్లు నిలిచిపోయినా గంట అటూ ఇటూ అవుతుంది. బయల్దేరే ముందు టైము కాకపోయినా ఒకసారి ఖాళీ చేసుకోండి. చిన్న బ్యాగులో రెండు పైపులు, సబ్బు, నీళ్ల సీసా, శుభ్రమైన గుడ్డ పెట్టుకోండి. ఫంక్షన్‌కి వెళ్లగానే ఇంటావిడని పక్కకి పిలిచి "నాకు ఆపరేషనైంది, మధ్యలో ఒకసారి లోపలి బాత్రూమ్ వాడుకుంటాను" అనండి. అంతకు మించి ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. కాదనే ఇల్లాలు మన వైపు ఉండదు.

ఆయనకి పనికొస్తానా అని రాశారు. ఆ మాట చదివి బాధేసింది. నాలుగేళ్లు నొప్పిని ఓర్చుకుంటూ పాపని పెంచారు, టీబీ మందులు చివరిదాకా మింగారు, అంత పెద్ద ఆపరేషన్ భర్త పక్కన లేకుండా తట్టుకున్నారు. ఒళ్లు మారిపోయిందన్న దిగులు ఉంటుంది, ఉండనివ్వండి, ఏడుపొస్తే ఏడవండి. కానీ నిద్రపట్టక, అన్నం సయించక రోజులు గడుస్తుంటే 14416కి ఫోన్ చేయండి. అది మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలిమానస్, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. ఆయన విన్న వెంటనే ముభావంగా అయిపోతే కొన్నాళ్లు టైమివ్వండి. హేళన చేసినా, చెయ్యెత్తినా, వదిలేస్తానని బెదిరించినా అది వేరే సంగతి, మహిళల హెల్ప్‌లైన్ 181 ఉంది, పుట్టింటివాళ్లకీ చెప్పండి. అంతదాకా వస్తుందని మీ ఉత్తరంలో నాకెక్కడా కనిపించలేదు.

మీ తర్వాతి రివ్యూ ఆయన సెలవులో పడేలా ఇప్పుడే ఆసుపత్రికి ఫోన్ చేసి తేదీ తీసుకోండి. ఆయన్ని వెంట తీసుకెళ్లండి, మనసులో ఉన్న ప్రశ్నలన్నీ డాక్టరుగారినే అడగనివ్వండి.