స్కాట్లండ్ రెఫరెండంపై చర్చ పెడితే దేశద్రోహం అవుతుందా?

ప్రశ్న: మేము చెన్నై పెరంబూరులో స్థిరపడిన తెలుగువాళ్లం. మాకొక రిజిస్టర్డ్ సాంస్కృతిక సంఘం ఉంది. నెలకోసారి హాలు అద్దెకు తీసుకుని ఏదో ఒక విషయం మీద చర్చ పెట్టుకుంటాం. పోయిన నెల విషయం ‘స్కాట్లండ్ బ్రిటన్ నుంచి విడిపోవాలా, వద్దా’. గ్లాస్గోలో నర్సుగా పనిచేస్తున్న మా అమ్మాయి విడిపోవడమే మంచిదని చెబుతూ పంపిన వీడియో వేశాం. తరువాత ఒక విశ్రాంత బ్యాంకు అధికారి విడిపోకూడదని వాదించారు. మధ్యలో ఒక సభ్యుడు లేచి, ‘ఈ రోజు స్కాట్లండ్ అంటారు, రేపు ఇక్కడా ఓటు పెట్టమంటారు, ఇది దేశద్రోహం’ అని కేకలు వేసి వెళ్లిపోయారు. ఆ రాత్రి సంఘం వాట్సాప్ గ్రూపులో నన్నూ మా అమ్మాయినీ దేశద్రోహులని రాశారు. పోలీసు కంప్లయింటు ఇస్తానంటున్నారు, కార్యదర్శి పదవి నుంచి నన్ను తొలగించాలని సంతకాలు సేకరిస్తున్నారు. రెండో విడత చర్చకు పోలీసు అనుమతి పత్రం తెస్తేనే హాలు ఇస్తానని యజమాని అంటున్నారు. మేము చేసినదాంట్లో నేరం ఉందా? మా అమ్మాయి భారతీయ పాస్‌పోర్టుకు ఇబ్బంది వస్తుందా? అక్కడ మళ్లీ రెఫరెండం (ప్రజాభిప్రాయ సేకరణ) జరిగితే ఆమె ఓటు వేయవచ్చా?
— ఒక పాఠకుడు, చెన్నై

జవాబు: మీరు వివరించిన చర్చలో నేరం లేదు. కేవలం ధైర్యం చెప్పడానికి ఈ మాట అనడం లేదు. మీ మిత్రుడు ఏ సెక్షన్లను దృష్టిలో పెట్టుకుని బెదిరిస్తున్నారో ఆ సెక్షన్ల పాఠమే ఇందుకు ఆధారం. పాత ఐపీసీ స్థానంలో 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలోని 152వ సెక్షన్, తెలిసి లేదా ఉద్దేశపూర్వకంగా, మాటల ద్వారా గానీ రాతల ద్వారా గానీ ఎలక్ట్రానిక్ మాధ్యమం ద్వారా గానీ వేర్పాటును, సాయుధ తిరుగుబాటును రెచ్చగొట్టడాన్ని, వేర్పాటువాద భావాలను ప్రోత్సహించడాన్ని, భారతదేశ సార్వభౌమత్వాన్ని, ఐక్యతను, సమగ్రతను ప్రమాదంలో పడవేయడాన్ని శిక్షిస్తుంది. 1967 నాటి చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టంలో ‘చట్టవిరుద్ధ కార్యకలాపం’ అనే పదానికి ఇచ్చిన నిర్వచనం కూడా భారత భూభాగంలోని ఏ భాగాన్నయినా యూనియన్ నుంచి విడదీయాలనే వాదనను బలపరచడం గురించే మాట్లాడుతుంది. ఈ రెండు చట్టాలూ కాపాడేది మన దేశాన్ని. ఎడిన్‌బరోలో ఒక పార్లమెంటు లండన్‌లోని మరో పార్లమెంటుతో కలిసి ఉండాలా వద్దా అన్న వాదం, ఎంత ఘాటుగా సాగినా, వాటి పరిధిలోకి రాదు. విదేశీ ప్రభుత్వానికి సంబంధించిన సెక్షన్ ఒకటి ఉన్న మాట నిజమే, అది 153. మనతో శాంతిగా ఉన్న దేశం మీద యుద్ధం చేయడాన్ని, అందుకు ప్రయత్నించడాన్ని, ప్రేరేపించడాన్ని అది శిక్షిస్తుంది. కాఫీ తాగుతూ వాదించుకోవడం యుద్ధం కాదు.

అయితే మీ మిత్రుడి భయానికి చరిత్రలో చోటు లేకపోలేదు, పైగా అది ఈ ఊరి చరిత్రే. దక్షిణాదికి వేరు దేశంగా ద్రవిడనాడు కావాలన్న డిమాండును 1962లో డీఎంకే నాయకుడు అన్నాదురై రాజ్యసభలోనే వినిపించారు. మరుసటి ఏడాది వచ్చిన 16వ రాజ్యాంగ సవరణ, వాక్ స్వాతంత్ర్యంపై పరిమితులు విధించే 19(2) అధికరణంలో ‘భారతదేశ సార్వభౌమత్వం, సమగ్రత’ అనే మాటలను చేర్చింది. ఎన్నికల్లో నిలబడేవారు వాటిని నిలబెడతామని ప్రమాణం చేయాలన్న నియమం కూడా దానితోనే వచ్చింది. డీఎంకే ఆ డిమాండును వదులుకుని, ఎన్నికల బాటలోనే సాగి 1967లో అధికారానికి వచ్చింది. కనుక మద్రాసులో వయసు మళ్లిన మనిషి ‘వేరు దేశం’ అన్న మాట వినగానే ఉలిక్కిపడితే నాకు ఆశ్చర్యం లేదు. ఉలికిపాటు వేరు, ఎఫ్‌ఐఆర్ వేరు.

ఇక్కడ తెలుగువారికి ప్రత్యేకమైన గందరగోళం ఒకటి ఉంది. మనకు ‘విడిపోవడం’ అంటే వెంటనే స్ఫురించేది రాష్ట్రం. పొట్టి శ్రీరాములు ఈ నగరంలోని మైలాపూరులోనే నిరాహార దీక్ష చేసి 1952 డిసెంబరు 15న కన్నుమూశారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడింది, అదే ఏడాది సెప్టెంబరు 18న స్కాట్లండ్ ఓటు వేసింది, బహుశా అందుకే మన సంభాషణల్లో ఆ రెండూ ఒకే గాటన కట్టబడుతుంటాయి. చట్టం దృష్టిలో వాటికి పోలికే లేదు. కొత్త రాష్ట్రాన్ని ఏర్పరచే అధికారాన్ని రాజ్యాంగం 3వ అధికరణం పార్లమెంటుకు ఇచ్చింది, ఆ పని సాధారణ మెజారిటీతో అయిపోతుంది, దానికోసం ఉద్యమించడం పూర్తిగా చట్టబద్ధం. దేశం నుంచి విడిపోవడానికి మాత్రం మన రాజ్యాంగంలో దారి లేదు. ‘యూనియన్’ అన్న పదాన్ని ఎంచుకోవడానికి కారణం ఏ రాష్ట్రానికీ విడిపోయే హక్కు లేకపోవడమేనని 1948 నవంబరులో రాజ్యాంగ సభలో అంబేద్కర్ స్పష్టంగా చెప్పారు. మన దగ్గర రెఫరెండాలు జరగలేదా అంటే జరిగాయి. 1948లో జునాగఢ్‌లో, 1975లో సిక్కింలో ప్రజలు ఓటు వేశారు. 1954 అక్టోబరులో పుదుచ్చేరి దగ్గర కీళూరులో 178 మంది ప్రజాప్రతినిధులలో 170 మంది విలీనానికి ఓటు వేయబట్టే యానాం సహా ఫ్రెంచి ప్రాంతాలు మనతో కలిశాయి. అవన్నీ భారతదేశంలో చేరడానికి జరిగినవి.

స్కాట్లండ్ విషయానికొస్తే, మీ చర్చ గురించి పోలీసు అధికారి ఎవరైనా అడిగితే ముందు చెప్పవలసిన సంగతి ఇది: ఆ రెఫరెండం ఆ దేశపు చట్టం ప్రకారమే జరిగింది. 2012 అక్టోబరు 15న బ్రిటిష్ ప్రధానమంత్రి, స్కాట్లండ్ ఫస్ట్ మినిస్టర్ ఎడిన్‌బరోలో ఒప్పందం మీద సంతకాలు చేశారు. 1998 నాటి స్కాట్లండ్ చట్టంలోని 30వ సెక్షన్ కింద ఉత్తర్వు జారీచేసి రెఫరెండం పెట్టే అధికారాన్ని తాత్కాలికంగా స్కాట్లండ్ పార్లమెంటుకు బదలాయించారు. ‘స్కాట్లండ్ స్వతంత్ర దేశంగా ఉండాలా?’ అన్న ఒక్క ప్రశ్నకు 84.6 శాతం ఓటర్లు జవాబు ఇచ్చారు, వద్దన్నవారు 55.3 శాతం, కావాలన్నవారు 44.7 శాతం. 2016 జూన్‌లో యూరోపియన్ యూనియన్ నుంచి బ్రిటన్ బయటికి రావాలని నిర్ణయమైనప్పుడు స్కాట్లండ్‌లో 62 శాతం మంది ఉండిపోవాలనే ఓటు వేయడంతో పాత వాదం మళ్లీ రాజుకుంది. 2014 ఓటు తరానికి ఒకసారి వచ్చే అవకాశమని అప్పట్లో మీరే అన్నారు కదా అని ఒక పక్షం, పరిస్థితులు మారాక ప్రజలను మళ్లీ అడగడంలో తప్పేమిటని మరో పక్షం. లండన్ అనుమతి లేకుండా స్కాట్లండ్ పార్లమెంటు మరో రెఫరెండానికి చట్టం చేయలేదని 2022 నవంబరు 23న బ్రిటన్ సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. కనుక అక్కడ ఇప్పుడు అసలు తగాదా విడిపోవడం గురించి మాత్రమే కాదు, ఆ ప్రశ్న అడిగే హక్కు ఎవరిదన్నది కూడా. నిజం చెప్పాలంటే మీ రెండో విడత చర్చకు ఈ అంశమే ఎక్కువ పసందుగా ఉంటుంది.

మన కోర్టులు ఏమన్నాయో కూడా చెప్పాలి. ఐపీసీలోని పాత రాజద్రోహ సెక్షన్ 124-ఎ విషయంలో, హింసకో శాంతిభద్రతల భంగానికో పురిగొల్పే మాటలే నేరమవుతాయని కేదార్‌నాథ్ సింగ్ కేసులో 1962లోనే సుప్రీంకోర్టు చెప్పింది. 1984 అక్టోబరు 31న, ఇందిరాగాంధీ హత్య జరిగిన రోజునే, చండీగఢ్‌లో ఖలిస్తాన్ నినాదాలు చేసిన ఇద్దరిని బల్వంత్ సింగ్ కేసులో 1995లో వదిలిపెట్టింది. స్పందన ఏమీ రాని నాలుగు నినాదాల వల్ల ప్రభుత్వానికి ముప్పు రాదన్నది ఆ తీర్పు సారం. మన దేశానికి సంబంధించిన నినాదాలకే అంత రక్షణ ఉన్నప్పుడు స్కాట్లండ్ సంగతి చెప్పనక్కరలేదు. చర్చించడం, ఒక పక్షాన్ని సమర్థించడం ఒక ఎత్తు, రెచ్చగొట్టడం వేరొక ఎత్తు అని శ్రేయా సింఘాల్ తీర్పు 2015లో గీత గీసింది. ఒక తమిళ సినిమా విషయంలో మద్రాసు హైకోర్టు రద్దుచేసిన సర్టిఫికెట్‌ను 1989లో పునరుద్ధరిస్తూ, ఎవరో గొడవ చేస్తామని బెదిరించినంత మాత్రాన భావ ప్రకటనను అణచడం కుదరదని సుప్రీంకోర్టు అన్నది. సభలో లేచి అరిచిన వ్యక్తి కోసం మీరు చర్చ మానుకోనక్కరలేదని చెప్పడానికి నాకు ఇంతకన్నా దగ్గరి తీర్పు లేదు.

ఇంత చెప్పాక ఒక హెచ్చరిక. 152లోని ‘వేర్పాటువాద భావాలను ప్రోత్సహించడం’ అన్న పదబంధం నా ఉద్దేశంలో అతి విశాలమైనది, ఎవరి చేతిలో పడితే వారి అర్థం పలుకుతుంది. న్యాయమైన అసమ్మతిని అణచడానికి దీన్ని వాడరాదని రాజస్థాన్ హైకోర్టు 2024 డిసెంబరులో ఒక ఎఫ్‌ఐఆర్ కొట్టివేస్తూ చెప్పింది గానీ, కొట్టివేత దాకా వెళ్లేలోపే మనిషి నలిగిపోతాడు. మూడేళ్ల నుంచి ఏడేళ్లలోపు శిక్ష ఉన్న నేరాలలో ఎఫ్‌ఐఆర్‌కు ముందే ప్రాథమిక విచారణ జరిపే వెసులుబాటు, క్రిమినల్ కేసుల విధానాన్ని నిర్దేశించే భారతీయ నాగరిక సురక్షా సంహిత 173(3)లో ఉంది; 152కు యావజ్జీవం దాకా శిక్ష ఉంది కనుక ఆ వెసులుబాటు దీనికి అందదు. ప్రభుత్వ అనుమతి లేకుండా కోర్టు ఇటువంటి కేసును విచారణకు స్వీకరించరాదన్న అదే సురక్షా సంహిత 217వ సెక్షన్ మీకు రక్షణే, కానీ అది ఎఫ్‌ఐఆర్‌ను ఆపదు. అందువల్ల రెండో విడతలో చర్చను మన దేశం నుంచి విడిపోవడం వైపు మళ్లనివ్వకండి. కావాలంటే కెనడాలోని క్యుబెక్ గురించి, స్పెయిన్‌లోని కేటలోనియా గురించి మాట్లాడుకోండి. మన చరిత్రను చరిత్రగా ప్రస్తావించండి. ‘మన దగ్గర కూడా ఓటు పెట్టాలా’ అన్న ప్రశ్నను మాత్రం ఎజెండాలో గానీ ప్రేక్షకుల ప్రశ్నల్లో గానీ రానివ్వకండి.

మీరు జతచేసిన ఆహ్వాన పత్రం చూశాను. పైన సంఘం పేరు, నడుమ చర్చాంశం, దాని కింద ‘అనుకూలం’, ‘ప్రతికూలం’ అని ఇద్దరి పేర్లు, అట్టడుగున ‘నాలుగు గంటలకు టిఫిన్, కాఫీ’ అని ఉంది. కంప్లయింటు వస్తే మీకు ఇంతకు మించిన సాక్ష్యం లేదు, ఎందుకంటే రెండు వైపుల వాదనలకూ సమానంగా చోటిచ్చారని, ఎవరినీ రెచ్చగొట్టే ఉద్దేశం లేదని ఆ కాగితమే చెబుతుంది. దాన్ని, హాజరు పుస్తకాన్ని, అమ్మాయి పంపిన వీడియో అసలు ఫైలును భద్రపరచండి. వీడియోలో ఒక్క ముక్క కూడా కత్తిరించకండి. స్టేషన్ నుంచి పిలుపు వస్తే నోటీసు రాతపూర్వకంగా అడిగి, న్యాయవాదితో వెళ్లి, ఇవన్నీ నకళ్లుగా ఇవ్వండి. ఇప్పుడే ముందస్తు బెయిలుకు పరుగెత్తవలసిన అవసరం నాకు కనిపించడం లేదు. ఎఫ్‌ఐఆర్ నిజంగా నమోదైతే దాన్ని కొట్టివేయాలని కోరుతూ నాగరిక సురక్షా సంహిత 528వ సెక్షన్ కింద మద్రాసు హైకోర్టుకు వెళ్లవచ్చు.

వాట్సాప్ రాతల విషయంలో చట్టం మీ వైపే ఉంది. పేరు పెట్టి ఒకరిని దేశద్రోహి అని పదిమందిలో ప్రచారం చేయడం న్యాయ సంహిత 356 కింద పరువునష్టం కాగలదు. అయితే ఇది పోలీసులు నేరుగా కేసు పెట్టే నేరం కాదు, మేజిస్ట్రేటు ముందు మీరే ప్రైవేటు ఫిర్యాదు దాఖలు చేసి సంవత్సరాల తరబడి నడపాలి. స్క్రీన్‌షాట్లు తీసి ఉంచుకుని, రాసినది వెనక్కి తీసుకొమ్మని ఒక లాయరు నోటీసు ఇచ్చి అక్కడితో ఆగమని నా సలహా. గ్రూపు అడ్మిన్‌ను ఇందులోకి లాగకండి. అడ్మిన్‌గా ఉండడం తప్ప మరేమీ చేయనివారిని నిందితులుగా చూడరాదని మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం 2021లో చెప్పింది.

హాలు యజమాని అడుగుతున్న కాగితం గురించి: చెన్నై నగర పోలీసు చట్టం 41వ సెక్షన్ కింద కమిషనర్ జారీచేసే ఉత్తర్వులు ప్రధానంగా వీధుల్లో, బహిరంగ స్థలాల్లో జరిగే సభలకు, ఊరేగింపులకు సంబంధించినవి. నాలుగు గోడల మధ్య ఆహ్వానితులతో, శబ్దం బయటికి పోకుండా జరిగే చర్చకు అనుమతి తప్పనిసరి కాదు. కానీ ఆయన ఆస్తి ఆయనది, అద్దెకు ఇవ్వనంటే బలవంతం చేయలేం. అనుమతి కోరకుండా, సమాచారం కోసమని తేదీ, సమయం, విషయం, వక్తల పేర్లు రాసి స్టేషన్‌లో ఒక లేఖ ఇచ్చి, నకలు మీద రిసీట్ ముద్ర వేయించుకుని ఆయనకు చూపండి. చాలామంది యజమానులకు ఆ ముద్ర చాలు.

పదవి నుంచి తొలగింపు మీ బైలాల మీద ఆధారపడి ఉంటుంది. సంతకాల కాగితంతో కార్యదర్శి దిగిపోరు. నిర్ణీత సంఖ్యలో సభ్యులు కోరితే ప్రత్యేక సర్వసభ్య సమావేశానికి నోటీసు ఇవ్వాలి, మీ మీద ఉన్న అభియోగాన్ని రాతలో ఇవ్వాలి, మీ సంజాయిషీ వినాలి. ఇవి లేకుండా తీర్మానం చేస్తే సివిల్ కోర్టులో సవాలు చేయవచ్చు.

ఇక మీ అమ్మాయి సంగతి. పాస్‌పోర్టుల చట్టం 10(3) ప్రకారం భారతదేశ సార్వభౌమత్వం, భద్రతతో పాటు, ఏదైనా విదేశంతో మన స్నేహ సంబంధాల దృష్ట్యా కూడా పాస్‌పోర్టును స్వాధీనం చేసుకోవచ్చు. ‘విదేశం’ అన్న మాట ఉన్నది కాబట్టే ఈ నిబంధనను ప్రస్తావిస్తున్నాను. అయితే స్వాతంత్ర్యాన్ని కోరే పార్టీయే 2007 నుంచి స్కాట్లండ్‌లో ప్రభుత్వాన్ని నడుపుతోంది. అక్కడి పాలక పక్షం రోజూ చెప్పే అభిప్రాయాన్ని ఒక నర్సు మన సభకు చెప్పడం వల్ల రెండు దేశాల సంబంధాలు చెడిపోతాయని ఏ అధికారీ కారణం రాసి సమర్థించుకోలేరు. కారణం లేని ఉత్తర్వు, పాస్‌పోర్టు స్వాధీనం విషయంలోనే సుప్రీంకోర్టు 1978లో ఇచ్చిన మేనకా గాంధీ తీర్పు ముందు నిలవదు. ఉద్యోగరీత్యా రాజకీయ ప్రచారంపై ఆంక్షలేమైనా ఉన్నాయేమో ఆమె తన నియామక నిబంధనలలో చూసుకుంటే చాలు.

ఓటు విషయానికొస్తే, 2014లో పదహారేళ్లు నిండి, స్కాట్లండ్‌లో నివసిస్తూ, చట్టబద్ధమైన వీసా ఉన్న కామన్వెల్త్ పౌరులందరికీ ఓటు ఇచ్చారు, భారతీయులు కూడా అందులో ఉన్నారు. నేను ఇది రాసే నాటికి మరో రెఫరెండానికి తేదీ ఖరారు కాలేదు; జరిగితే ఎవరికి ఓటు అన్నది అప్పటి చట్టం చెబుతుంది. విదేశంలో ఓటు వేసినంత మాత్రాన భారతీయ పౌరసత్వం పోదు. 1955 నాటి పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ ప్రకారం అది పోయేది స్వచ్ఛందంగా మరో దేశ పౌరసత్వం తీసుకున్నప్పుడే. ఆమె పేరు అక్కడి ఓటర్ల జాబితాలో ఇప్పటికే నమోదు కాకపోతే చేయించుకొమ్మనండి. రెఫరెండం మాట ఎలా ఉన్నా, కామన్వెల్త్ పౌరురాలిగా ఆమె బ్రిటిష్ పార్లమెంటు ఎన్నికల్లో ఈ రోజుకీ ఓటు వేయవచ్చు.