సిస్టర్లకు చీరలు వద్దమ్మా

ప్రశ్న: మా మనవడికి లుకేమియా, అంటే బ్లడ్ కేన్సర్. అడయార్‌లో వైద్యం చేయిస్తున్నాం. వార్డు సిస్టర్లు వాణ్ణి కన్నబిడ్డలా చూసుకుంటున్నారు. వాళ్లకు చీరలు పెడదామనుకుంటున్నాను. బాగుంటుందా?
- ఒక అమ్మమ్మ, పెరంబూరు, చెన్నై

జవాబు: పిల్లల కేన్సర్ వార్డులోనే నర్సుగా రిటైరయ్యాను కాబట్టి మొహమాటం లేకుండా చెబుతా. చీరలు, కవర్లలో డబ్బులు వద్దమ్మా, తీసుకుంటే మాటొచ్చేది వాళ్లకే. పూలు, కోసిన పళ్లు అసలే వద్దు. కీమోతో తెల్లకణాలు పడిపోయిన పిల్లలకు ఇన్‌ఫెక్షన్ ఇట్టే అంటుకుంటుంది.

అక్కడ మనిషిని కుంగదీసేది చాకిరీ కాదు. సన్నటి చేతిలో నరం దొరక్క, పిల్లాడు "వద్దక్కా" అని ఏడుస్తుంటే మళ్లీ సూది గుచ్చాలే, అదీ. అందుకే ఒక్కటి మానండి: అన్నం తినకపోతే "సిస్టర్‌ని పిలుస్తా, సూదేస్తుంది" అని బెదిరించడం. ఆ మాట విన్న పిల్లాడు మమ్మల్ని చూడగానే చెయ్యి వెనక్కి దాచుకుంటాడు. ఇక ఆ పూట మా అవస్థ చెప్పక్కర్లేదు.

ఈ పిల్లలకు ప్లేట్‌లెట్లు (రక్తం గడ్డకట్టించే కణాలు) తరచూ ఎక్కించాల్సొస్తుంది, అవేమో మామూలుగా 5 రోజులకు మించి నిల్వ ఉండవు. దాత దొరక్కపోతే వార్డంతా హడావుడే. మీ అల్లుణ్ణీ, ఆయన ఆఫీసు కుర్రాళ్లనూ బ్లడ్ బ్యాంకులో ముందే పేర్లు రాయించమనండి.

మెచ్చుకోలు కాగితం మీద పెట్టండి. ఏ సిస్టర్, ఏ రాత్రి, ఏం చేసిందో రాసి నర్సింగ్ సూపరింటెండెంట్‌కివ్వండి. తెలుగైనా ఫర్వాలేదు, చదివిపెట్టేవాళ్లు ఉంటారు.

డబ్బే ఇవ్వాలనుంటే ఆఫీసులో కట్టి రసీదు తీసుకోండి. 1954లో ముత్తులక్ష్మీ రెడ్డిగారు మొదలుపెట్టిన అడయార్ కేన్సర్ ఇన్‌స్టిట్యూట్ లాభాల కోసం నడిచేది కాదు.